ఎనిమిది అని చెప్పిన ఏడు

పెద్దావిడ వంటింట్లో ఉంది. మిగతా అందరూ వంటింటి బయట ఉన్నారు. మధ్యలో, గుమ్మానికి అడ్డంగా, ఆ దరి నుంచి ఈ దరి దాకా, నడుమెత్తున తళతళలాడే కొత్త అరల వరస ఉంది.

"ఏం కావాలి బాబూ?" అంది పెద్దావిడ, రెండు మోచేతులూ పైపలక మీద ఆనించి. అచ్చం కొట్లో కూర్చున్న షావుకారులా ఉంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యని వెంటబెట్టుకుని, పని అప్పగించడానికి వచ్చిన డిజైనర్ ఆ వరస ఇవతలే ఆగిపోయాడు. ఆ వంటింటిని గీసింది అతనే. గీసినప్పుడు ఆ వరస ఎడమగోడకి ఆనుకుని ఉంది. ఇప్పుడు కుడివైపు తిరిగింది. కుడివైపు గోడ లేదు. గుమ్మం ఉంది. సింకు కోసం కోసిన కంత గుమ్మంలో నోరు తెరుచుకుని ఉంటే, నీళ్ళ పైపు మాత్రం అవతల బోసిగోడ మీద, పెళ్ళిచూపులకి ఎవరూ రాని పిల్లలా ఒంటరిగా నిలబడి ఉంది.

బిగింపు మేస్త్రి డ్రిల్లు చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. "అయిపోయింది సార్. నంబర్ల ప్రకారమే బిగించాం. ఒక్క స్క్రూ మిగల్లేదు."

"గుమ్మం కనపడలేదా నీకు?"

"కనపడింది సార్."

"మరి?"

"బుర్ర వాడొద్దని మీరేగా సార్ చెప్పారు. వాడలేదు."

నిజమే. 'పలకల మీద నంబర్లుంటాయి, ఒకటి పక్కన రెండు పెట్టండి, రెండు పక్కన మూడు పెట్టండి, మధ్యలో బుర్ర వాడకండి' అన్నది డిజైనర్ పలకలు కోసే తన షెడ్డు గోడ మీద స్వయంగా రాయించిన సూత్రం. బుర్ర పని తనదీ, చేతుల పని వాళ్ళదీ అని అతని ఉద్దేశం.

"మెల్లగా స్టూలెక్కి ఇటు దిగుదురుగాని రండమ్మా, నేను పట్టుకుంటాను" అంది డిజైనర్ భార్య కంగారుగా.

"అక్కర్లేదమ్మాయ్. పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చుని చూస్తున్నా. ఆఖరి పెట్టె పెట్టేదాకా ఏదో తెలివిగానే చేస్తున్నారనుకున్నా. ఇది ఎవరి నిర్వాకమో చెప్పండి ముందు. చెప్పేదాకా నేను ఇక్కణ్ణించి కదలను."

ఆవిడ మామూలు పెద్దావిడ అయితే ఎలాగోలా నచ్చజెప్పొచ్చు. కానీ ఆవిడ కొడుకు బిల్డర్. అతను కడుతున్న ఫ్లాట్లన్నిటికీ వంటిళ్ళు కావాలి. "ముందు మా అమ్మ వంటిల్లు చేయండి. అమ్మకి నచ్చితే ఫ్లాట్లన్నీ మీకే, నచ్చకపోతే నాకు మళ్ళీ ఫోన్ చేయకండి" అన్నాడు. ఆ పని వస్తే డిజైనర్ షెడ్డు బతుకుతుంది. రాకపోతే షెడ్డుకి తాళం పడుతుంది.

"ఎవరండీ? చెప్పరేం?" అంది పెద్దావిడ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, డిజైనర్ చేయి తనంతట తానే కాలరు మీదికి పోయింది. జరిగిందేమిటో అతనికి ఇంకా పూర్తిగా తెలియదు. కానీ అది ఎక్కడ మొదలై ఉంటుందో మాత్రం అనుమానంగా ఉంది.

అది ఒక మామూలు ఉదయాన మొదలైంది. వంటిళ్ళు గీసే సాఫ్ట్‌వేర్, ఏడో వెర్షన్, సగానికి సగం తగ్గించి అమ్ముతున్నారని చూసి, కొనేద్దామని అతను కాఫీ తాగుతూ ప్రకటించాడు.

"ఊరికే ఎవరూ అంత తగ్గించరండీ. కొత్తది వస్తోందేమో, నాలుగు రోజులాగి చూడండి" అంది భార్య.

"అవును బావా, ఆగు" అన్నాడు పలకలు కోసే మెషీన్ నడిపే బావమరిది.

"ఆగుతూ కూర్చుంటే వ్యాపారాలు సాగవు. వ్యాపారానికి కావలసింది నిర్ణయం" అని డిజైనర్ అప్పటికప్పుడు నిర్ణయం తీసుకున్నాడు.

వాళ్ళు ఆగమనడానికి కారణం ఉంది. చుట్టాల్లో అతనికి 'ముందురోజు' అని పేరు. ఫోన్ కొంటే మర్నాడు కొత్త ఫోన్ వస్తుంది. కారు కొంటే అదే కారు ఆ నెలలోనే మరింత పెద్ద అద్దాలతో వస్తుంది. టీవీ కొని పెట్టె విప్పుతుండగా ఆ టీవీ ఇక తయారు చేయడం లేదని ఆ టీవీలోనే చెప్పారు. చివరికి చుట్టాలు తాము ఏదైనా కొనాలంటే "ముందురోజు కొన్నాడా?" అని వాకబు చేసి, కొన్నాడని తెలిస్తే మర్నాడు బజారుకి వెళ్ళడం మొదలుపెట్టారు. అతని జాతకం అందరికీ కలిసొచ్చింది, అతనికి తప్ప.

ఏడు కొన్న మర్నాడు ఎనిమిది వచ్చింది.

"బావా, ఎనిమిది విడుదలైందట! పాపం నువ్వు నిన్ననే..." అంటూ బావమరిది ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వాడి ముఖంలో జాలి ఉంది. ఆ జాలి కింద నవ్వు ఉంది. ఆ నవ్వు సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరుతుంది.

"నేను కొన్నది ఎనిమిదే" అన్నాడు డిజైనర్.

"నిన్న ఎనిమిది లేదు కదా బావా?"

"నాలాంటి పాత ఖాతాదార్లకి ఒకరోజు ముందే ఇస్తారు."

అబద్ధమాడటం తేలిక. దాన్ని మేపడం కష్టం. కంప్యూటర్ తెర మీద ఓ మూల ఎప్పుడూ ఏడంకె కనిపిస్తూ ఉంటుంది. దాని మీద లామినేట్ శాంపిల్ ముక్క ఒకటి అతికించాడు. అడిగినవాళ్ళకి, రంగు సరిచూసుకోవడానికన్నాడు. కానీ సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ తెర నిండా పెద్ద ఏడంకె వచ్చి తీరిగ్గా నిలబడుతుంది. దానికి శాంపిల్ ముక్క చాలదు. అందుకని సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా అతను లేచి, తెరకి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ చాపి, ఆ ఏడు వెళ్ళిపోయేదాకా దగ్గడం మొదలుపెట్టాడు.

"ఈ దగ్గేమిటండీ, కంప్యూటర్ పెట్టగానే వస్తోంది?" అని భార్య దగ్గుమందు తెచ్చింది. పొద్దున ఓ మూత, సాయంత్రం ఓ మూత తాగాడు. మందు బాగా చేదుగా ఉంది. లేని దగ్గుకి ఉన్న మందు తాగడం ఎంత కష్టమో తాగినవాడికే తెలుస్తుంది.

ఇంతలో బావమరిది ఇంకో ఉపకారం చేశాడు. వంటిల్లు సాయంత్రం వెలుతురులో ఎలా ఉంటుందో ఎనిమిది చూపిస్తుందట. ఆ సంగతి వాడు పెద్దావిడకి చెప్పాడు. ఆవిడ చూడటానికి షెడ్డుకి వచ్చి కూర్చుంది. ఏడుకి సాయంత్రం అంటే ఏమిటో తెలియదు. డిజైనర్ చేసేది లేక కిటికీ తెరలు ఒక్కొక్కటే మూసి, లైట్లు ఒక్కొక్కటే ఆర్పి, కంప్యూటర్ వెనకాల నక్కి పసుపు కాగితం చుట్టిన టార్చిలైటు మెల్లగా కిందికి దించాడు.

"అబ్బ! నిజంగా పొద్దు వాలినట్టే ఉంది" అంది పెద్దావిడ.

"ఎనిమిదంటే మరేమిటనుకున్నారమ్మా!" అన్నాడు బావమరిది. కంప్యూటర్ బల్ల వెనకాల మోకాళ్ళ మీదున్న డిజైనర్ టార్చిని ఇంకాస్త కిందికి దించాడు. ఆ టార్చి వెలుగులోనే ఆవిడ తన వంటింటి పని వాళ్ళకి ఒప్పజెప్పింది.

ఆ వంటింటి పలకలు కోసే రోజు డిజైనర్ మెషీన్ దగ్గరే ఉండాలనుకున్నాడు. ఉండనిచ్చిందెవరు? దగ్గు తగ్గడం లేదని భార్య అతన్ని డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది. డాక్టర్ మొదట వెనక నుంచి విన్నాడు, తర్వాత ముందు నుంచి విన్నాడు. ఏమీ వినపడలేదు. ఏమీ వినపడలేదని చెబితే బాగుండదని, "గొంతుకి విశ్రాంతి ఇవ్వండి. ఇవాళంతా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు" అన్నాడు.

బయటికి రాగానే భార్య ఫోన్ మోగింది.

"అక్కా, బావనడుగు. మెషీను 'ఈ బొమ్మలు ఎనిమిదిలో గీసినవా, అంతకుముందు దాన్లోనా' అని అడుగుతోంది. ఎనిమిదే కదా?"

"ఎనిమిదేగా ఆయన కొన్నది! ఇంకా అడుగుతావేంరా?"

డిజైనర్ రెండు చేతులూ గాల్లో ఊపాడు. తల అడ్డంగా ఆడించాడు.

"మాట్లాడొద్దన్నారుగా డాక్టరుగారు! నేను చెబుతున్నా కదా!" అని భార్య కసిరింది.

నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. 'ఏడు' అనాలి, అంతే. కానీ ఆ మాట అంటే ముందురోజు అన్న పేరు ఇంకో పదేళ్ళకి ఖాయమవుతుంది. అంకె మారితే మెషీన్‌కి ఏమవుతుందిలే అనుకున్నాడు. ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఎనిమిది గురించి చదవాలి. తనకి తప్పిపోయిన సంబంధం ఫొటో చూడనట్టు, ఎనిమిది గురించి ఎక్కడేం రాసినా అతను చూడటం మానేశాడు. చేతులు దించి, వైద్య సలహా పాటించాడు.

ఆ సలహా ఫలితం ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా ఉంది.

"నేను చెయ్యలేదమ్మా" అన్నాడు మేస్త్రి, అందరికంటే ముందు చేతులు దులుపుకుంటూ. "నాకొచ్చిన పలకలు నేను పెట్టా. పలకలు కోసింది చిన్నసారు."

చిన్నసారంటే బావమరిది. బయట వ్యాన్ దగ్గరున్న వాణ్ణి పిలుచుకొచ్చారు. వాడు వరండా గుమ్మంలో ఆగి, వరసని చూసి, పెద్దావిడని చూసి, మళ్ళీ వరసని చూశాడు.

"ఇది అద్దంలో చూసిన వంటిల్లు బావా!" అన్నాడు మెల్లగా. "ఎడమది కుడి అయింది. ఎలా అవుతుంది? నేను ఎనిమిదనే కదా కొట్టాను? పాతవాటిలో పలకని ఎడమ మూల నుంచి కొలుస్తారు, ఎనిమిదిలో కుడి మూల నుంచి. ఎనిమిదిలో గీసిన బొమ్మకి ఎనిమిదని చెబితే తప్పెలా వస్తుంది?"

డిజైనర్‌కి అప్పుడు పూర్తిగా తెలిసింది.

నిజం చెప్పడానికి అది మంచి సమయం. అందరూ అక్కడే ఉన్నారు. పెద్దావిడ వింటోంది. భార్య చూస్తోంది. డిజైనర్ గొంతు సవరించుకున్నాడు, దగ్గాడు, గట్టిగా అన్నాడు:

"ఇదంతా మా బావమరిది పనేనమ్మా! కోసింది వాడు. నంబరు కొట్టింది వాడు. నేను ఊళ్ళోనే ఉన్నాను గానీ షెడ్డులో లేను. నాకు ఒంట్లో బాగాలేదు. నా బొమ్మలో వీసమెత్తు తప్పు లేదు. ఈ వంటింటికీ నాకూ ఏ సంబంధమూ లేదు. మొత్తం వీడే!"

"బావా!" అన్నాడు బావమరిది.

"ఏమండీ!" అంది భార్య.

"మీరు మాట్లాడొద్దు. ఇది వృత్తికి సంబంధించిన విషయం" అన్నాడు డిజైనర్. ఆ మాట అంటున్నప్పుడే నాలుక మీద దగ్గుమందు రుచి వచ్చింది.

బావమరిది మెషీన్ తాళంచెవి జేబులోంచి తీసి పైపలక మీద, పెద్దావిడ ముందు పెట్టాడు. "సరే బావగారూ. తప్పు నాదే. మీ మెషీన్ మీరు నడుపుకోండి. ఇక నేను రాను." వాడెప్పుడూ అతన్ని 'గారు' అని పిలవలేదు. గబగబా వరండాలోకి వెళ్ళి చెప్పులు వెతుక్కోసాగాడు. వాడి అక్క కూడా వెనకాలే వెళ్ళింది. వెళుతూ మొగుడి వైపు చూసిన చూపుకి మేస్త్రి కూడా ఓ అడుగు పక్కకి జరిగాడు.

సరిగ్గా అప్పుడు బిల్డర్ వచ్చాడు.

అతను అలవాటు ప్రకారం ఫోన్లో మాట్లాడుకుంటూ, బూట్లతోనే నేరుగా వంటింట్లోకి నడిచాడు. నడిచినవాడు పొట్ట వరసకి తగిలి ఆగిపోయాడు. ఫ్రిజ్ అటువైపు ఉంది. అతను ఇటువైపు ఉన్నాడు. చేయి చాపాడు. అందలేదు.

"అమ్మా... మంచినీళ్ళు" అన్నాడు చివరికి.

పెద్దావిడ నెమ్మదిగా గ్లాసులో నీళ్ళు పోసింది. నెమ్మదిగా బల్ల మీద పెట్టి ఇటు జరిపింది. కొడుకు తాగి గ్లాసు తిరిగి జరిపాడు.

"ఏమన్నావురా?"

"మంచినీళ్ళు అడిగానమ్మా."

"అడిగావు కదూ!" అంది పెద్దావిడ. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఈ వంటింట్లోకి అడిగి వచ్చినవాడు లేడురా. మీ నాన్న వచ్చి గిన్నెలో వేలు పెట్టేవారు. నువ్వు బూట్లతో వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడతావు. నీ తమ్ముడు స్టవ్ పక్కనే ఫోన్ మాట్లాడతాడు. ఈ వరస లేచిన దగ్గర్నుంచీ ఇక్కడ నుంచున్నానా, ఒక్కడు లోపలికి రాలేదు! కావాల్సినవాడు అక్కడ నిలబడి అడుగుతున్నాడు. నాకిదే కావాలి. ఓ పక్కన చిన్న రెక్క తలుపు పెట్టండి. గడియ మాత్రం లోపలివైపు."

"సింకు పైపు అటుంది కదమ్మా?" అన్నాడు బిల్డర్.

"నువ్వు తిప్పించు. బిల్డర్ని కన్నది దేనికి మరి?"

బిల్డర్ వరసని ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు. వ్యాపారస్థుడి బుర్ర అతనిది, ఎవరు వద్దన్నా వాడతాడు. "గుమ్మంలో వడ్డన బల్ల... ఫ్లాట్లన్నిటికీ ఇలాగే పెడితే? ఎవరూ పెట్టలేదు. అమ్మా, ఇది ఎవరు చేశారు?"

"నేనూ అదే అడుగుతున్నా ఇందాకట్నుంచీ. ఇప్పుడే ఈయన చెప్పాడు, ఈయనకే సంబంధమూ లేదట. మొత్తం ఆ అబ్బాయి చేశాడట, అదుగో, వరండాలో చెప్పులేసుకుంటున్నాడే, ఆ అబ్బాయి."

"అయితే ఫ్లాట్ల పని ఆ అబ్బాయికే" అన్నాడు బిల్డర్. "పిలవండి. అతను ఎక్కడ పనిచేస్తే అక్కడికే ఇస్తా."

డిజైనర్ చెవుల్లో తన మాటలే గింగురుమన్నాయి. వీసమెత్తు, ఏ సంబంధమూ, మొత్తం వీడే. బావమరిది వెళ్ళిపోతే పని వాడితోపాటే వెళ్ళిపోతుంది. షెడ్డుకి తాళమే.

"కాదు!" అని అరిచాడు. "వాడు కాదు, తప్పు నాది! నేనే చేశాను!"

అందరూ అతని వైపు తిరిగారు. ఎవరి ముఖంలోనూ నమ్మకం లేదు.

"అంటే, ఇందాక తప్పయితే ఆ అబ్బాయిదీ, ఇప్పుడు గొప్పయితే మీదీనా?" అంది పెద్దావిడ.

"గొప్ప కాదమ్మా! నాది నిజంగా తప్పే! పెద్ద తప్పు! నా దగ్గరున్నది ఎనిమిది కాదు, ఏడు! ఏడుని ఎనిమిదని చెప్పాను. అందుకే మెషీను తలకిందులైంది!"

బావమరిది ఒక కాలికి చెప్పుతో వరండా గుమ్మంలోకి వచ్చాడు, వెనకాలే వాడి అక్కా వచ్చింది. "చాల్లే బావగారూ. పని కోసం ఇంత దిగజారాలా? నేను కళ్ళారా చూశాను, సాయంత్రం వెలుతురు కూడా వచ్చింది ఆ ఎనిమిదిలో."

"అది టార్చిలైటురా!"

"పాపం, టార్చిలైటంట" అన్నాడు మేస్త్రి బిల్డర్‌తో, జాలిగా.

"దగ్గు కూడా అబద్ధమే!" అన్నాడు డిజైనర్ భార్య వైపు తిరిగి.

"డాక్టరుగారు స్వయంగా చూశారండీ మిమ్మల్ని" అంది భార్య. మొగుడికి జబ్బు గొంతు నుంచి పైకి ఎక్కిందేమోనని ఆవిడకి భయం పట్టుకుంది.

అబద్ధాన్ని నమ్మించడానికి ఓ శాంపిల్ ముక్క సరిపోయింది. నిజాన్ని నమ్మించడానికి ఏదీ దొరకడం లేదు. డిజైనర్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పైపలక మీద పెట్టాడు. మీ ఫోన్ మాకెంతో ముఖ్యం అని అది చాలాసేపు సంగీతం వినిపించింది. నేరస్థుడు, సాక్షులు, బిల్డర్, అందరూ చేతులు కట్టుకుని ఆ సంగీతం విన్నారు. చివరికి ఒక అమ్మాయి పలికింది.

"అమ్మా, నేను కొన్నది ఏ వెర్షనో కాస్త గట్టిగా చెప్పు తల్లీ" అన్నాడు డిజైనర్.

కీబోర్డు చప్పుడు వినిపించింది. "ఏడు సార్."

"చూశారా! ఏడు! ఇంకోసారి చెప్పమ్మా!"

"ఏడే సార్. ఎనిమిది రావడానికి ముందురోజు కొన్నారు."

వరండా గుమ్మంలోంచి ఒక పొలికేక లాంటి నవ్వు వచ్చింది. బావమరిది గుమ్మం పట్టుకుని ఊగిపోతున్నాడు. "ముందురోజే! బావా, మళ్ళీ ముందురోజే! నాకు మొదటి రోజే చెబితే పోయేది కదా, ఆ ఒక్కరోజు నవ్వి ఊరుకునేవాణ్ణి!" కళ్ళు తుడుచుకుని, పైపలక మీదున్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "ఉంటాలే. కానీ ఇకనుంచి ఏదైనా కొనేది అక్క."

"అలాగే" అన్నాడు డిజైనర్. ఆ క్షణాన వాడు షెడ్డు రాసిమ్మన్నా అలాగే అనేవాడు.

"పని మీకే" అన్నాడు బిల్డర్. "కానీ నాకు ఆ సాయంత్రం వెలుతురు కావాలి. టార్చి కాదు, అసలుది. ఆ ఎనిమిది కొనుక్కోండి."

"కొనక్కర్లేదు సార్" అంది ఫోన్లో అమ్మాయి. ఆమె ఇంకా అక్కడే ఉందని అందరూ మరిచిపోయారు. "ఆ వారంలో ఏడు కొన్నవాళ్ళందరికీ ఎనిమిది ఉచితమే. చెబుదామని విడుదలైన రోజే నేను ఫోన్ చేశాను. ఎనిమిది అనగానే అవతల పెట్టేశారు. మళ్ళీ చేస్తే, పుండు మీద కారం చల్లడానికి నీకు జీతమిస్తున్నారా అని తిట్టి పెట్టేశారు. ఇంక చెయ్యలేదు."

పెద్దావిడ బల్ల మీదికి వంగి, కళ్ళజోడు సర్దుకుని, అందరినీ వరసగా చూసింది. "ఊరికే ఇస్తామని పిలిచి చెబుతుంటే తిట్టి పెట్టేసిన ఆ మహానుభావుడు ఎవరమ్మా?"

డిజైనర్ భార్య వేలు చూపించలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మా ఆయన" అంది.

నేరం రుజువయ్యాక అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న దోషిని, ఆ బల్లకి ఇటున్నవాళ్ళు గానీ అటున్న ఆవిడ గానీ అంతకుముందు చూసి ఉండరు.